తోక బండిలో వెనక్కి తిరిగి

నాందేడు నుంచి నర్సీ మీదుగా బిలోలి దాకా పోయే రోడ్డు నాకు వెనక నుంచి మాత్రమే తెలుసు. లారీకి తగిలించిన తోక బండిలో, ఇసుక బస్తాల మధ్య, ముందు పలకకు వీపు ఆనించి కూర్చునేదాన్ని. మొహం వెనక్కి ఉండేది. ఏ ఊరు రాబోతోందో తెలిసేది కాదు. దాటిపోయిన ఊళ్ళు, దాటిపోయిన మనుషులు, లేచి మళ్ళీ నేల మీద పడే దుమ్ము, ఇవే కనిపించేవి. చేతిలో ఒక తాడు ఉండేది. దాని రెండో కొసను లారీలో డ్రైవరు చెవి పక్కన వేలాడే ఎద్దు మెడ గంటకు కట్టారు. నా వీపు కింద కట్టె మాట్లాడితే నేను తాడు లాగాలి, లారీ ఆగాలి. నా పని అంతే.

ఆ పని నాకెట్లా వచ్చిందో చెప్పాలంటే మా ఆయన చెవుల సంగతి చెప్పాలి.

మాది బాబ్లీ దగ్గర గోదావరి ఒడ్డు పల్లె. మా అత్తగారింట్లో తరతరాలుగా ఎడ్లబండ్లు చేసేవాళ్ళు. మామగారు పోయాక ఆయన నన్ను తీసుకుని నాందేడు వచ్చి ఒక పత్తి గిర్నిలో పనికి కుదిరాడు. పత్తిలో గింజ తీసి, దూదిని బేళ్ళు కట్టి స్టేషనుకు పంపే గిర్ని అది. బేళ్ళు మోసే బండ్లన్నీ ఆయన చేతి కిందే బాగయ్యేవి. బండ్ల కొట్టం వెనక మాకు ఒక గది ఇచ్చారు. పిల్లలు పుట్టారు గాని నిలవలేదు.

ఆ వాడలో అందరిదీ మరాఠీ, లేకుంటే ఉర్దూ. ఉప్పు, మిరపకాయ అడగడానికీ, పక్కింటామె కోడలి మీద చెప్పే చాడీలు వినడానికీ నాకు ఆ రెండూ చాలినంత వచ్చు. కడుపులో మాట చెప్పుకోవడానికి మాత్రం తెలుగే కావాలి. స్టేషనుకు అవతల తెలుగువాళ్ళ ఇళ్ళున్నాయనేవాళ్ళు గాని పిలుపు లేనిదే ఎవరింటికని పోతాను? నాందేడులో నా తెలుగంతా ఒక్క మనిషి దగ్గరే ఖర్చయ్యేది.

యుద్ధం వచ్చింది. పెట్రోలు కరువైంది. గిర్నికి ఉన్నది ఒక్క లారీ. ఒక్క తిరుగుడులోనే రెండింతల పత్తి తేవాలని, లారీ వెనక ఇంకో బండి కట్టాలని గిర్ని షావుకారు అన్నాడట. కాగితాల్లో దాని పేరు ట్రేలరు. మేమందరం తోక బండి అనేవాళ్ళం. విరిగి మూలపడిన పాత లారీ ఒకటి ఉంటే దాని చక్రాలూ ఇరుసూ తీశారు. పైన పరిచే పలకలకు కిన్వట్ అడవి టేకు వచ్చింది. ఇక మిగిలింది నొగ, అంటే బండిని లారీకి కలిపే పొడుగు దూలం. అది ఇనుముతో చేయాల్సింది. ఆ రోజుల్లో గుర్రపు నాడాకే ఇనుము దొరకడం లేదు, నొగకు ఎక్కడ నుంచి తెస్తారు? కట్టెతోనే చేయమన్నారు.

ఆయన రెండు నొగలు చేశాడు. ఒకటి చిరుమాను, ఒకటి తుమ్మ. చిరుమాను బండి ఇరుసులకు వాడే కట్టె, రాయిలాంటిది. తుమ్మ చక్రాలకు వాడేది. రెండింటినీ కొట్టం ముందు బండరాళ్ళ మీద అడ్డంగా పెట్టి, నడుమ గొలుసులు కట్టి, గొలుసులకు ఇసుక బస్తాలు వేలాడదీశాడు. రోజూ కొంత బరువు పెంచేవాడు. నేను పొద్దున నీళ్ళు పోసి తడిపేదాన్ని. తర్వాత ఎండ వాటిని పీల్చేది. వానకూ ఎండకూ తట్టుకుంటుందా లేదా చూడాలి కదా. ఆయన వచ్చి కట్టె మీద చెవి పెట్టి వినేవాడు. కట్టె విరిగే ముందు మాట్లాడుతుందనీ, ముందు మాట్లాడిన కట్టె ముందు విరుగుతుందనీ మా మామగారి మాట. బండ్లు చేసే ఇళ్ళలో అది వేదం.

ఒకరోజు పెద్ద మిస్త్రి చూడడానికి వచ్చాడు. కొట్టాలన్నింటికీ ఆయనే పైవాడు, ఊళ్ళోని పాత మొహల్లా మనిషి. ఉర్దూలో తెలుగు కలిపి మాట్లాడేవాడు. ఆయన ముందు మా ఆయన తుమ్మ నొగ మీద కుడి చెవి ఆనించి కూర్చున్నాడు. నేను నీళ్ళ కడవతో అంత దూరంలో నిలబడి ఉన్నాను.

తుమ్మ చిటుక్కుమంది. కాసేపాగి ఇంకోసారి. నేను స్పష్టంగా విన్నాను.

"క్యా బాబా, ఏమంటది నీ తుమ్మ?" అన్నాడు మిస్త్రి. బయటి నుంచి వచ్చిన, బొగ్గు పొగతో నడిచే లారీ ఒకటి గేటు దగ్గర మోగుతున్నందువల్ల, అటు వైపు నిలబడిన ఆయనకు చిటుకు అందలేదు.

మా ఆయన తల ఎత్తి, "మంచిగున్నది. ఏం సప్పుడు లేదు" అన్నాడు.

నా చేతిలో కడవ బరువెక్కింది. చెవి దాని మీదే ఉంది కదా! అప్పుడు ఒక్కొక్కటీ గుర్తుకొచ్చాయి. పిలిస్తే పలకకపోవడం, నేనొకటి అడిగితే ఆయనొకటి చెప్పడం, ఎప్పుడూ నా ఎడమ పక్కనే పడుకోవడం. అలిగాడనుకున్నాను, అలసిపోయాడనుకున్నాను. ఇది మాత్రం అనుకోలేదు.

ఆ సాయంత్రం అన్నం పెట్టి, ఆయన కుడి పక్కన చేరి, చెవి దగ్గర నోరు పెట్టి అడిగాను.

"ఏమయ్యా, పొద్దుగాల తుమ్మ మాట్లాడింది. ఇనవడలేదా?"

ముద్ద చేతిలోనే ఆగింది.

"ఎన్నిసార్లు?"

"రెండుసార్లు."

"మిస్త్రి ఇన్నడా?"

"లేదు. లారీ సప్పుడైతుండె."

ఆయన పళ్ళెం పక్కకు జరిపి, "ఎడమ చెవు ఎప్పుడో పోయింది. చక్రాలకు పట్టీలు గొట్టి గొట్టి పోయింది. మా నాయినకు గూడ గిట్లనే అయింది. కుడిది ఉన్నది గదా అనుకున్న" అన్నాడు.

"నాకు చెప్తే ఏమాయె?"

"చెప్తే నువ్వు గట్టిగ మాట్లాడుతవ్. నువ్వు గట్టిగ మాట్లాడితే గిర్నంత ఇంటది."

నాకు నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి. ఆయన నవ్వలేదు. కట్టె మంచిచెడ్డలు చెప్పేవాడికి వినపడదని తెలిస్తే ఆ కొట్టంలో ఉంచరు. బేళ్ళు మోసే గుంపులో పడేస్తారు, గది ఇంకొకరికి ఇస్తారు. ఆ భయం మాకిద్దరికీ ఒకటే. నాకు ఇంకొక భయం కూడా ఉండింది. అది పైకి అనలేదు. కుడి చెవి కూడా పోతే నేనెవరితో మాట్లాడాలి?

మరునాడు ఆయన మిస్త్రి దగ్గరకు పోయి తుమ్మ వద్దు, చిరుమాను పెడదామన్నాడు. "నిన్న మంచిగున్నది అంటివి!" అన్నాడట మిస్త్రి. "నిన్న మంచిగుండె, ఇయ్యాల మంచిగ లేదు. కట్టె గూడ మనిషే గదా" అన్నాడట ఈయన. ఎన్ని బస్తాలు వేలాడదీసినా చిరుమాను నోరు విప్పలేదు. అదే నొగ అయింది.

మా వాళ్ళలో ఒక ఆచారం ఉంది. కొత్త బండి చేసినవాడు అందులో ముందుగా తన ఇంటి మనిషిని ఎక్కించి తిప్పుతాడు. మొదటి బరువు ఇంటి బరువు అంటారు. కట్టె మీద నమ్మకం లేనివాడు పెళ్ళాన్ని ఎక్కించడు కదా. ఆయన ఆ ఆచారం మాట చెప్పి నన్ను తోక బండిలో కూర్చోబెట్టాడు. మిస్త్రి పగలబడి నవ్వాడు గాని కాదనలేదు. ఆచారం పైకి చెప్పే మాట. లోపలి మాట మా ఇద్దరికే తెలుసు. నేను వినాలి, ఆయన విన్నట్టు ఉండాలి. కట్టె మాట్లాడితే నేను గంట లాగుతాను. ఆయన దిగి వచ్చి చెవి పెట్టి, ఓరకంట నన్ను చూస్తాడు. నేను కొంగు తల మీద కప్పుకుంటే కట్టె చెడిందని. కప్పుకోకపోతే పోవచ్చని.

పొద్దున్నే బయల్దేరాం. లారీలో డ్రైవరు, మిస్త్రి, మా ఆయన. వెనక నేనూ, పత్తికి బదులు బరువుకు వేసిన ఇసుకా. డ్రైవరు మరాఠీవాడు, కుర్రతనం వదలనివాడు. "వహినీ, పడిపోతే గంట కొట్టు, వెనక్కి వచ్చి ఏరుకుంటాం" అని వదిన వరసలో హాస్యమాడి బండి కదిలించాడు.

అంత పొడుగు దారిలో అంత ఒంటరిగా నేనెప్పుడూ లేను. మనుషులు కనిపిస్తారు, చూస్తారు, చిన్నవాళ్ళైపోతారు. ఎవరితోనూ ఒక మాట ఉండదు. లారీలో వాళ్ళు ముగ్గురు నా వీపు వెనక ఉన్నారు గాని వేరే ఊళ్ళో ఉన్నట్టే. వీపుతో కట్టెను వింటూ కూర్చున్నాను. పలకలు మూలిగేవి, బస్తాలు కదిలేవి, గొలుసు మోగేది. చిరుమాను మాత్రం మౌనం.

నర్సీ దాటి చాలా దూరం పోయాక రోడ్డు పక్క చేన్లలో పత్తి ఏరే ఆడవాళ్ళు కనిపించారు. అందులో ఒక పిల్ల నడుము మీద చేయి వేసుకుని కేకేసింది.

"ఓ అక్కా! ఇసుకకు నువ్వు కావలున్నవా, ఇసుకే నీకు కావలున్నదా?"

మిగతా వాళ్ళు ఘొల్లుమన్నారు.

తెలుగు! పరాయి మనిషి నోట అచ్చ తెలుగు విని ఎన్నాళ్ళయిందో. జవాబు నోటి దాకా వచ్చింది, అంతలో లారీ మలుపు తిరిగింది. ఆ పిల్ల దుమ్ములో కలిసిపోయింది. చెప్పలేకపోయిన జవాబు గొంతులోనే పెట్టుకుని కూర్చున్నాను.

మలుపు తర్వాత రోడ్డు ఒక వాగులోకి దిగుతుంది. దిగుడులో డ్రైవరు బ్రేకు వేశాడు. లారీ నిలదొక్కుకుంది గాని ఇంత ఇసుకతో తోక బండి నిలవలేదు, పోయి లారీని గుద్దింది. అప్పుడు చిరుమాను మాట్లాడింది. తుమ్మ లాగా చిటుక్కుమనలేదు. లోపల నుంచి, బరువైన తలుపు గడియ వేసినట్టు, ఒక్కటే చప్పుడు. నా వెన్నెముకలో తగిలింది. తాడు రెండు చేతులా లాగాను.

లారీ ఆగింది. మా ఆయన దిగి వచ్చి, నొగ కింద మోకాళ్ళ మీద కూర్చుని, సుత్తితో తట్టి, చెవి పెట్టాడు. మిస్త్రి నడుము మీద చేతులేసుకుని చూస్తున్నాడు. ముందు పలక మీదుగా తొంగి చూస్తున్న నన్ను మా ఆయన ఓరకంట చూశాడు.

దుమ్ముకు నేను నాందేడులోనే కొంగు తలకు చుట్టుకున్నాను. ఇంట్లో కూర్చుని గుర్తు అనుకున్నప్పుడు రోడ్డు మీద దుమ్ముంటుందని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు! ఆయన నా తల చూశాడు, నా కళ్ళు చూశాడు, మళ్ళీ తల చూశాడు. పొద్దుటి నుంచీ కప్పుకునే ఉన్నదాన్ని, ఇప్పుడు కొత్తగా కప్పుకున్నానని ఆయనకెట్లా తెలుస్తుంది? నేను కొంగు తీసి మళ్ళీ వేసుకున్నాను. చెమట తుడుచుకున్నాననుకున్నాడు. లేచి నిలబడి, "పోవచ్చు" అన్నాడు.

మిస్త్రి డ్రైవరుకు చెయ్యి ఊపాడు. ముందు వాగు దిగుడు ఇంకా మిగిలే ఉంది. నొగ తెగితే ఈ ఇసుకంతా వచ్చి లారీ మీద పడుతుంది. ఆ లారీలో ఆయన కూర్చుంటాడు.

"పగిలింది! లోపల పగిలింది!" అని అరిచాను.

మిస్త్రి ఆగిపోయాడు. మా ఆయన ఆగలేదు. నాకు వీపు పెట్టి లారీ వైపు నడుస్తూనే ఉన్నాడు.

"బాబా!" అన్నాడు మిస్త్రి. ఆయన తిరగలేదు. "అరే బాబా!" అని ఇంకా గట్టిగా పిలిచాడు. ఆయన లారీ మెట్టు మీద కాలు పెట్టాడు. మిస్త్రి నా వైపు తిరిగాడు. నేను తల వంచుకున్నాను. అంతే, మిస్త్రికి అర్థమైపోయింది.

మెట్టు మీద నుంచి మా ఆయన వెనక్కి చూశాడు. మా ఇద్దరి మొహాలూ చూశాడు. మెల్లగా కాలు కిందికి దించాడు.

"నాకు ఇనవడ్తలేదు సాబ్" అన్నాడు. "ఆమెకు ఇనవడుతది. ఏమన్నది?"

మిస్త్రి నొగ కింద దూరి చూశాడు. లారీకి తగిలించే చీల పెట్టిన రంధ్రం దగ్గర, గోరు దూరేంత పగులు.

మా తప్పు ఎక్కడుందో అక్కడ, ఆ నొగను చూస్తూ మా ఆయనే చెప్పాడు. ఎడ్లబండి నొగ లాగుడే ఎరుగుతుంది. ఎద్దు ఆగితే బండీ ఆగుతుంది. లారీ ఆగితే తోక బండి ఆగదు, వెనక నుంచి గుద్దుతుంది. మేము కొట్టం ముందు బస్తాలు వేలాడదీసి చూసింది మోసే బలం. గుద్దుకు ఆగే బలం చూడాలని మాకెవరికీ తోచలేదు, తరాలుగా మాకు తెలిసింది ఎద్దులే గనక. చిరుమాను గట్టిది, వంగదు, ఒక్కసారే పగులుతుంది. తుమ్మ ముందు నుంచీ గొణుగుతుంది, వంగుతుంది, నిలబడుతుంది. మామగారి మాట తుమ్మ విషయంలో తప్పయింది.

పచ్చి తోలూ మోకులూ తేవడానికి డ్రైవరు తోక బండిని విప్పి లారీతో పక్క ఊరికి పోయాడు. నొగకు పచ్చి తోలు చుడితే ఎండేకొద్దీ బిగుసుకుంటుంది. ఖాళీ బండిని మెల్లగా ఇంటికి చేర్చుకునేంత బలం వస్తుంది. అందాకా రోడ్డు మీదే ఉన్నాం. పత్తి ఏరే ఆడవాళ్ళు చూడడానికి వచ్చారు, ఆ పిల్ల కూడా.

"ఏందే, నన్ను కావలున్నవా అంటివి?" అన్నాను. "ఇసుకకు నేను కావలి, నాకు దుమ్ము కావలి."

"అచ్చినవా జవాబు చెప్పెతందుకు! బండి గిట్ల ఆపించి మరీ అచ్చినవా!" అని ఆ పిల్ల పడీ పడీ నవ్వింది. చెంబుతో నీళ్ళిచ్చారు. మీ ఊరేది, మీకెంతమంది, కూర ఏం వండినవు అని అడిగారు. గొంతు ఎండిపోయేదాకా మాట్లాడాను. మాట్లాడుతూనే ఆయన్ను చూస్తున్నాను. ఆయన వాగు వైపు మొహం పెట్టి, సుత్తి ఒళ్ళో పెట్టుకుని, ఒక్కడే కూర్చున్నాడు.

మిస్త్రి ఆయన పక్కన నిలబడి బీడీ కాలుస్తూ ఉర్దూలో ఒక మాట అన్నాడు. "చెవులు భాబీవి, చేతులు నీవి. ఇద్దరూ కలిస్తే నాకొక మిస్త్రి. పొద్దున ఇద్దరూ రండి." ఎడమ పక్క నిలబడి అన్నాడు. ఆ మాట ఆయనకు అందలేదు.

తిరుగు దారిలో నేను మళ్ళీ వెనకనే. మిస్త్రి మాట ఆయనకు చెప్పడానికి వీలు లేదు. చీకటి పడుతుండగా ఇల్లు చేరాం. నేను పొయ్యి రాజేసి తిరిగి చూసేసరికి ఆయన ఉలులూ, బాడిశా, చిత్రికా గోనెపట్టాలో మూట కడుతున్నాడు. పల్లెకు పోదామనే.

దగ్గరకు పోయి కుడి చెవిలో చెప్పాను. తల అడ్డంగా ఊపాడు. ఇంకొంచెం గట్టిగా చెప్పాను. అందలేదో, నమ్మలేదో. చివరికి గుండెలో గాలంతా తీసి అరిచాను. "ఉండమన్నడు! ఇద్దర్ని రమ్మన్నడు!"

మూట ముడి మీద ఆయన చేయి ఆగింది. గోడ అవతల నుంచి కావలివాడి పెళ్ళాం మరాఠీలో, "ఎవరు రమ్మన్నారే, ఎక్కడికి?" అని అడిగింది. గిర్నంతా వింటుందని ఆయన అన్నది నిజమే.

ఆ తర్వాత తుమ్మ నొగ పెట్టారు. చీల రంధ్రం దగ్గర పచ్చి తోలు చుట్టి, నడుమ పాత టైరు రబ్బరు ముక్కలు దూర్చారు. గుద్దును ఆ రబ్బరు మింగేది. నొగ దారి పొడుగునా మూలిగేది, ఒక్కనాడూ తెగలేదు. కొత్త బండి తయారైనప్పుడల్లా వెనక్కి తిరిగి కూర్చున్నాను. ఆయన ఇక లారీలో కూర్చోలేదు. నా పక్కనే, నొగ తల మీద అరచేయి పెట్టుకుని కూర్చునేవాడు. పక్కపక్కనే ఉండేవాళ్ళం. ఆ చప్పుడులో నేను మాట్లాడలేను. ఆయన మాట్లాడడం తగ్గించేశాడు. తన గొంతు తనకు వినపడని మనిషికి మాట మీద ఆశ పోతుంది కాబోలు.

కుడి చెవి కూడా పోయింది. అరిచినా అందని రోజు వచ్చాక ఒక మధ్యాహ్నం ఆయన టేకు ముక్క ఒకటి చిత్రిక పట్టి, బొగ్గు తీసుకుని దాని మీద ఏదో రాసి నా ముందు పెట్టాడు. చిన్నప్పుడు పల్లెలో అయ్యవారి దగ్గర ఆయన తెలుగు అక్షరాలు దిద్దాడు. నాకు ఒక్కటీ రాదు. నెత్తి నెరిసినదాన్ని, వేళ్ళు తిరగవు. ఆయన నా చేయి పట్టి దిద్దించాడు. తప్పు రాస్తే మళ్ళీ చిత్రిక పట్టేవాడు. నేను మొదట సొంతంగా రాసిన మాట "ఆకలా". ఆయన చదివి, "లేదు" అని పైకే అన్నాడు. చాలా రోజుల తర్వాత విన్న గొంతు.

అట్లా మళ్ళీ మాట్లాడుకున్నాం, గిర్ని వినకుండా. పలక నిండగానే ఆయన చిత్రిక పట్టేవాడు. మా మాటలు చుట్టలు చుట్టలుగా రాలేవి. ఆ పొట్టుతోనే మరునాడు పొయ్యి రాజేసేదాన్ని. ఏమేం రాసుకున్నామో అందుకే ఇప్పుడేదీ లేదు.

ఒక్క ముక్క మిగిలింది. ఆయన మంచం పట్టే ముందు రోజు నేను రాసినది, ఆయన చిత్రిక పట్టనిది. "ఉప్పు అయిపోయింది" అని ఉంటుంది దాని మీద. ఈ వాడలో తెలుగు చదివేవాళ్ళు లేరు. కావలివాడి పెళ్ళాం ఒకరోజు దాన్ని చూసి, ఏదన్నా మంత్రమా అని అడిగింది. అవునన్నాను.